గిడుగు రామమూర్తి పంతులు – చదువు, అవగాహన, పరీక్ష

తెలుగు తల్లిభాషగా గల విద్యార్థి తెలుగు పాఠం గడగడ చదివి, చదివిన దానిలో ఏముందో చెప్పలేక నిలిచిపోవడం ఇరవయ్యో శతాబ్ది ఆరంభంలో మన పాఠశాలల్లో నిత్యం కనిపించే దృశ్యం. ఆ లోపం పిల్లల బుద్ధిలో లేదనీ, వారి చేతికిచ్చిన పుస్తకపు భాషలోనూ, వారికి పెట్టిన పరీక్ష తీరులోనూ ఉన్నదనీ నిరూపించడానికి జీవితంలో ముప్ఫైనాలుగు సంవత్సరాలు వెచ్చించిన మహనీయుడు గిడుగు వేంకట రామమూర్తి పంతులు. వ్యావహారిక భాషోద్యమ పితామహుడుగా ఆయన పేరు తెలియని తెలుగువారు లేరు. ఆయన జన్మదినమైన ఆగస్టు 29ని తెలుగు భాషా దినోత్సవంగా జరుపుకొంటున్నాం. అయితే ఆ ఉద్యమం కవుల సభలో కాక తరగతి గదిలో పుట్టిందనే సంగతి, దానికి మూలం సాహిత్య వివాదం కాక పిల్లలకు పాఠం అర్థమయిందా లేదా అనే ప్రశ్న అనే సంగతి చాలామంది మరచిపోయారు.

రామమూర్తి 1863 ఆగస్టు 29న శ్రీకాకుళం ప్రాంతంలోని శ్రీముఖలింగ క్షేత్రానికి సమీపాన ఉన్న పర్వతాలపేట గ్రామంలో జన్మించారు. తండ్రి వీర్రాజు, తల్లి వెంకమ్మ. వీర్రాజు రెవెన్యూ ఉద్యోగి. చోడవరానికి బదిలీ అయిన తరువాత అక్కడ విషజ్వరం సోకి 1875లో ఆయన మరణించారు. అప్పటికి రామమూర్తి వయస్సు పన్నెండేళ్ళు. మేనమామ అండతో విజయనగరం మహారాజావారి ఇంగ్లీషు పాఠశాలలో చేరారు. అక్కడ ఆయనకు సహాధ్యాయి గురజాడ అప్పారావు. తెలుగు భాష నడకను మార్చిన ఇద్దరు ఒకే బల్ల మీద కూర్చొని చదువుకోవడం చరిత్రలో అరుదైన సంఘటన. 1879లో మెట్రిక్యులేషన్ ఉత్తీర్ణులయ్యారు. తల్లినీ, ఇద్దరు చెల్లెళ్ళనూ పోషించవలసిన భారం మీద పడటంతో పైచదువు ఆగింది. 1880లో పర్లాకిమిడి రాజావారి పాఠశాలలో నెలకు ముప్ఫై రూపాయల జీతం మీద ఉపాధ్యాయుడుగా చేరారు.

ఆయనకు అప్పగించిన తరగతి ఫస్టు ఫారం. అంటే నేటి ఆరవ తరగతి. బోధించవలసిన విషయం చరిత్ర. ఈ చిన్న వివరం ఆయన జీవితాన్ని అర్థం చేసుకోవడానికి ఎంతో ముఖ్యం. అక్షరాలు కూడబలుక్కొనే దశ దాటి, చదివి తెలుసుకొనే దశలోకి బాలుడు అడుగుపెట్టే వయస్సు అది. అంతవరకు చదవడం నేర్చుకొన్న పిల్లవాడు అప్పటినుంచి చదవడం ద్వారా నేర్చుకోవలసి ఉంటుంది. ఆ మలుపులో వెనుకబడినవాడు చరిత్రలోనూ వెనుకబడతాడు, భూగోళంలోనూ వెనుకబడతాడు, లెక్కల్లో ప్రశ్న చదివి గ్రహించలేక అక్కడా వెనుకబడతాడు. రామమూర్తి భాషోపాధ్యాయుడుగా కాక చరిత్రోపాధ్యాయుడుగా జీవితం ప్రారంభించడం వల్లనే కాబోలు, భాష విషయం అందడానికి సాధనమనే దృష్టి ఆయనలో చివరిదాకా చెదరలేదు.

ఉద్యోగం చేస్తూనే ప్రైవేటుగా చదివి 1886లో ఎఫ్.ఏ., 1894లో బి.ఏ. పరీక్షలు పూర్తి చేశారు. చరిత్ర ప్రధాన విషయంగా మొదటి తరగతిలో, విశ్వవిద్యాలయంలో రెండవ స్థానంలో నిలిచారు. రాజావారి పాఠశాల కళాశాల కావడంతో కళాశాల తరగతులకు కూడా పాఠాలు చెప్పే అవకాశం లభించింది.

శ్రీముఖలింగ దేవాలయాల గోడల మీద ఉన్న శాసనాలు ఆయనను చిన్ననాటినుంచి ఆకర్షించాయి. గురువు లేకుండానే ప్రాచీన లిపులు నేర్చుకొని ఆ శాసనాలను చదివారు. తూర్పు గాంగ రాజుల రాజధాని కళింగనగరం ఈ ముఖలింగమేనని వాదించారు. ఆయన పరిష్కరించిన తామ్రశాసనం ఎపిగ్రాఫియా ఇండికాలో ప్రకటితమయింది. శాసనాలు చదివినవానికి ఒక సత్యం కళ్ళకు కడుతుంది. భాష ఏ కాలంలోనూ ఒక్కచోట నిలిచి ఉండలేదు. రాళ్ళ మీద చెక్కించిన రాజులు, దానాలు పొందిన వారు, సాక్షి సంతకాలు చేసిన గ్రామస్థులు తమ తమ కాలాల్లోని వాడుక రూపాలను నిస్సంకోచంగా వాడారు. పండితులతో వాదించవలసి వచ్చినప్పుడు రామమూర్తికి ఈ శాసన పరిజ్ఞానం పెట్టని కోట అయింది.

పర్లాకిమిడి చుట్టూ ఉన్న కొండల్లో సవరలు నివసిస్తారు. వారి భాష తెలుగుతో గాని ఒరియాతో గాని సంబంధం లేనిది, ముండా కుటుంబానికి చెందినది. సంతకు వచ్చిన సవరలు తమ మాట ఎవరికీ తెలియక, ఎదుటివారి మాట తమకు తెలియక మోసపోవడం రామమూర్తిని కదిలించింది. తెలుగు, సవర భాషలు రెండూ తెలిసిన ఒక వ్యక్తిని తన ఇంట్లోనే ఉంచుకొని ఆ భాష నేర్చుకున్నారు. కొండల్లో తిరిగారు. వారి పాటలూ కథలూ సేకరించారు. సవర భాషలో వాచకాలు తయారుచేశారు. సొంత ధనంతో బడులు పెట్టి, ఉపాధ్యాయులకు తానే జీతాలిచ్చి, సవర బాలురకు సవర భాషలోనే చదువు చెప్పించారు. ఈ కృషికి మెచ్చి మద్రాసు ప్రభుత్వం పారితోషికం ఇవ్వబోగా, దానిని స్వీకరించక, ఆ సొమ్ముతో సవరలకు మంచి బడి పెట్టవలసిందని కోరారు. మన్యపు జ్వరం ఆయనను పట్టుకొన్నది ఆ కొండల్లోనే. జ్వరానికి వాడిన క్వినైను వినికిడి శక్తిని హరించింది. భాషల ధ్వనులను సూక్ష్మంగా పట్టుకోవలసిన మనిషికి చెవుడు రావడంకన్న క్రూరమైన విధి మరొకటి ఉండదు. ఆయన మాత్రం దానిని సాకుగా చెప్పుకొని ఏ పనినీ మానలేదు.

సవర బాలునికి సవర భాషలో చదువు చెబితే ఎంత త్వరగా తెలుస్తుందో కళ్ళారా చూసిన ఉపాధ్యాయునికి, తెలుగు బాలునికి తెలుగు చదువు ఎందుకు కష్టమవుతున్నదనే సందేహం రాక తప్పదు. ఆ సందేహానికి ఒక బ్రిటిషు ఉద్యోగి ద్వారా సందర్భం ఏర్పడింది.

జె.ఎ. యేట్స్ 1906–07 ప్రాంతంలో ఉత్తర కోస్తా జిల్లాలకు పాఠశాలల ఇన్‌స్పెక్టరుగా వచ్చారు. తెలుగు నేర్చుకొన్న యేట్స్ తరగతుల్లోకి వెళ్ళి బోధన గమనించినప్పుడు ఒక వింత కనిపించింది. పుస్తకంలో ఉన్న తెలుగు ఒకటి. ఉపాధ్యాయుడు దానిని వివరించే తెలుగు మరొకటి. పిల్లలు తమలో తాము మాట్లాడుకొనే తెలుగు ఇంచుమించు ఉపాధ్యాయుడు వివరించేదే. జవాబు రాయవలసి వచ్చేసరికి పిల్లలు తిరిగి పుస్తకపు తెలుగులోకి మారాలి. ఒక దేశపు పిల్లలు తమ భాషను ఇలా అనువాద పద్ధతిలో నేర్చుకోవడమేమిటని ఆయనకు అసంతృప్తి కలిగింది. విశాఖపట్నంలోని మిసెస్ ఎ.వి.ఎన్. కళాశాల ప్రిన్సిపాల్ పి.టి. శ్రీనివాస అయ్యంగారు వద్ద ఈ విషయం ప్రస్తావించారు. తమిళుడైన అయ్యంగారు ఈ సమస్యకు సమాధానం చెప్పగల సమర్థులుగా ఇద్దరి పేర్లు సూచించారు. ఒకరు విజయనగరంలోని గురజాడ అప్పారావు, రెండవవారు పర్లాకిమిడిలోని గిడుగు రామమూర్తి. ఉద్యమానికి అదే బీజం.

ఆనాటి తరగతి గది ఎలా ఉండేదో నేటి విద్యార్థులు కొంత ఊహించుకోవాలి. చిన్నయసూరి 1853లో వెలువరించిన నీతిచంద్రిక గద్యానికి ఒరవడి. ఆయనే రచించిన బాలవ్యాకరణం గద్యానికి శాసనం. ఉపాధ్యాయుడు ఒక వాక్యం చదివేవాడు. పిల్లలు కలిసి తిరిగి చదివేవారు. పిమ్మట ప్రతిపదార్థం, దాని తరువాత తాత్పర్యం. ప్రతిపదార్థమూ తాత్పర్యమూ కూడా కంఠస్థం చేయవలసిన పాఠాలే. పరీక్షలో అడిగేదీ వాటినే. ఇంట్లో బాలుడు వస్తున్నాడు, చేస్తాను అంటాడు. పుస్తకంలో వచ్చుచున్నాఁడు, చేసెదను అని ఉంటుంది. ఏ అక్షరం పక్కన అరసున్న ఉండాలో, ఎక్కడ బండి ఱ రాయాలో గుర్తుంచుకోవాలి. వాడు అనే మాట పక్కన కొట్టె అని వస్తే దానిని గొట్టె అని మార్చాలి. నోట పలకని ధ్వనులకు, చెవిని పడని సంధులకు మార్కులు. కథలో కాకి ఏం చేసింది, ఎందుకు చేసింది అనే ప్రశ్నకు బాలుడు సొంత మాటల్లో సరియైన జవాబు రాసినా, ఆ మాటలు గ్రామ్యాలనే పేరుతో కొట్టివేతకు గురయ్యేవి. కథ ఏమాత్రం తెలియకపోయినా పుస్తకంలోని వాక్యం తు.చ. తప్పకుండా అప్పగించినవాడు మంచి విద్యార్థి అనిపించుకొనేవాడు. ఇట్టి పరీక్ష కొలిచేది జ్ఞాపకశక్తిని మాత్రమే.

అక్షరం చదవగలగడం వేరు, అర్థం గ్రహించడం వేరు. ఇందుకు పల్నాటి సీమ ఒక నిదర్శనం. ఏటా కార్తీక మాసంలో కారెంపూడిలో జరిగే వీరుల ఉత్సవాలకు మాచవరం, గురజాల, పిడుగురాళ్ళ వంటి చుట్టుపక్కల ఊళ్ళనుంచి జనం తరలివస్తారు. వీరవిద్యావంతులు గానం చేసే పల్నాటి వీరగాథను తరతరాలుగా ఒక్క అక్షరం రాని వృద్ధులు కూడా రాత్రంతా విని, ఏ వీరుడు ఎక్కడ ఎలా మరణించాడో, బ్రహ్మనాయుని పక్షమేదో, నాగమ్మ పక్షమేదో తడుముకోకుండా చెప్పగలిగేవారు. శ్రీనాథుని రచనగా ప్రసిద్ధమైన ద్విపద పలనాటి వీరచరిత్రను అక్కిరాజు ఉమాకాంతం పరిష్కరించి 1911లో అచ్చు వేయించారు. అదే గాథ వాచకంలోకి గ్రాంథిక వచనంగా ఎక్కితే, ఆ వృద్ధుని మనుమడే దానిని బడిలో చదివి తెల్లమొహం వేసే పరిస్థితి. మనుమడికి తాతకన్న తెలివి తక్కువ అని ఎవరూ అనలేరు గదా!

పశ్చిమ దేశాల్లో కూడా ఈ కాలంలోనే ఇటువంటి ఆలోచన తలెత్తడం గమనార్హం. అమెరికాలో కొలంబియా విశ్వవిద్యాలయానికి చెందిన థార్న్‌డైక్ అనే మనోవిజ్ఞాన శాస్త్రవేత్త ఒక చిన్న పేరాను పాఠశాల పిల్లలకు ఇచ్చి, దాని మీద ప్రశ్నలు అడిగి, వారి తప్పు జవాబులను పరిశీలించి, 1917లో ఒక వ్యాసం ప్రకటించారు. చదవడమంటే అక్షరాలను శబ్దాలుగా మార్చడం కాదనీ, ప్రతి మాటకూ తగినంత బరువునిచ్చి ఒకదానితో ఒకటి సమన్వయించుకొనే ఆలోచనా వ్యాపారమనీ ఆయన తేల్చారు. పేరాను ఎదుట పెట్టి, కంఠస్థం చేయడానికి వీలులేని ప్రశ్న అడగడమనే పద్ధతి ఆ తరువాతి కాలంలో ప్రపంచమంతటా వ్యాపించింది. రామమూర్తి చేసినది ప్రయోగశాలలో పరిశోధన కాదు. కాని తరగతి గదిలో మూడు దశాబ్దాలు గడిపిన అనుభవంతో అంతకు పదేళ్ళ ముందే ఆయన పట్టుకొన్న సమస్య ఇదే.

యేట్స్, శ్రీనివాస అయ్యంగారు, గురజాడ, గిడుగు – ఈ నలుగురూ కలిసి తెలుగు బోధనను సంస్కరించే కృషికి పూనుకొన్నారు. పాఠశాలలో భాషను నేర్పవలసింది జీవద్భాష ద్వారా అని ఉపాధ్యాయుల సభల్లో ప్రచారం చేశారు. 1909లో అయ్యంగారు దేశభాషల దుస్థితిని వివరిస్తూ, వాటి జీవన్మరణ సమస్యను గూర్చి ఇంగ్లీషులో ఒక పుస్తకం రచించారు. వీరికి తోడుగా సెట్టి లక్ష్మీనరసింహం గ్రీకు పురాణ కథలను వాడుక భాషలో రాసి పిల్లలకు అందించారు. విషయం కొత్తది, దేశం దూరమైనది, పేర్లు నోరు తిరగనివి. అయినా భాష తమదే కావడం వల్ల పిల్లలు చదివి గ్రహించగలరని చూపడానికి అంతకన్న మంచి ఉదాహరణ దొరకదు.

1911లో రామమూర్తి ఉద్యోగ విరమణ చేశారు. తరువాతి జీవితమంతా ఉద్యమానికే అంకితమయింది. సరిగ్గా ఆ సమయంలోనే పరీక్షల విధానంలో మార్పులు వచ్చాయి. ఎఫ్.ఏ. స్థానంలో ఇంటర్మీడియట్ వచ్చింది. దేశభాషలో వ్యాసరచన విద్యార్థులకు పరీక్షాంశమయింది. 1912–13లో స్కూలు ఫైనలు బోర్డు కార్యదర్శి ఒక ఉత్తర్వు వెలువరించారు. దాని ప్రకారం విద్యార్థి వ్యాసాన్ని కావ్యభాషలో గాని, ఆధునిక భాషలో గాని రాయవచ్చు. ఆధునిక భాష అంటే ఎలా ఉంటుందో తెలియజేయడానికి బ్రౌను దొర తెలుగు రీడరును, ఏనుగుల వీరాస్వామయ్య కాశీయాత్ర చరిత్రను నమూనాలుగా చూపించారు. చదివింది అర్థం చేసుకొని తన మాటల్లో రాసిన బాలునికి తొలిసారి పరీక్షలో చోటు దొరికింది.

ఈ ఉత్తర్వు పండితలోకంలో పెద్ద కలవరం లేపింది. 1911లో మద్రాసులో ఏర్పడిన ఆంధ్ర సాహిత్య పరిషత్తు గ్రాంథిక పక్షానికి కేంద్రమయింది. జయంతి రామయ్య పంతులు ఆ పక్షానికి నాయకత్వం వహించారు. వేదం వేంకటరాయశాస్త్రి, వావిలికొలను సుబ్బారావు వంటి ఉద్దండులు అండగా నిలిచారు. వారిని ఛాందసులని తేలికగా తీసివేయడం న్యాయం కాదు. వారి భయానికి కారణముంది. వాడుక భాష ఊరికొక తీరుగా ఉంటుంది. గంజాం బాలుడు రాసినది కడప బాలునికి తెలియకపోతే ఎలా? వాడుక భాషకు అలవాటుపడిన తరం నన్నయ తిక్కనలను చదవలేకపోతే ఎలా? పరీక్షకులు ఏ రూపం ఒప్పు, ఏ రూపం తప్పు అని దేనినిబట్టి నిర్ణయించాలి? ఇవి అడగదగిన ప్రశ్నలే. ముఖ్యంగా మూడవ ప్రశ్నకు నేటికీ పరీక్షకులు తడబడుతూనే ఉన్నారు.

రామమూర్తి ఈ ప్రశ్నలను దాటవేయలేదు. 1913లో ఆధునిక తెలుగును గూర్చి ఇంగ్లీషులో ఒక విజ్ఞాపన పత్రం రచించి ప్రకటించారు. తాను కోరుతున్నది ఊరికొక మాండలికం కాదనీ, చదువుకొన్నవారు పరస్పరం మాట్లాడుకొనే శిష్టవ్యావహారికమనీ స్పష్టం చేశారు. ప్రాచీన కావ్యాలను చదవవద్దని ఆయన ఏనాడూ అనలేదు. వాటిని సాహిత్యంగా చదివించాలి, వాటి భాషను అర్థం చేసుకోవడం నేర్పాలి; ఆ భాషలో రాయమని పిల్లలను నిర్బంధించరాదు అన్నదే ఆయన సిద్ధాంతం. చదివి గ్రహించవలసిన భాష, స్వయంగా రాయవలసిన భాష ఒకటే కానక్కరలేదనే ఈ విచక్షణ బోధనా శాస్త్రానికి ఆయన చేసిన గొప్ప ఉపకారం. ఆయన మీద ఎన్నో విమర్శలు కురిపించినవారు ఈ ఒక్క విషయాన్ని సరిగా చదవలేదనిపిస్తుంది.

ఇక తప్పొప్పుల విషయం. పిల్లలు గ్రాంథికంలో తప్పులు రాస్తున్నారని మార్కులు తీసివేస్తున్న పండితులు తాము తప్పు లేకుండా రాస్తున్నారా అని రామమూర్తి పరీక్షించారు. పరీక్షకులకే పరీక్ష పెట్టారన్నమాట! గ్రాంథికాన్ని సమర్థిస్తూ రాసిన గ్రంథాలను, పీఠికలను, వ్యాసాలను పంక్తి పంక్తి చొప్పున పరిశీలించి, బాలవ్యాకరణానికి విరుద్ధమైన ప్రయోగాలను ఏర్చి కూర్చారు. ఆ ఫలితమే ఆంధ్రపండిత భిషక్కుల భాషాభేషజం. పండితులను అవమానించడం దాని ఉద్దేశమని కొందరు ఆగ్రహించారు. నిజానికి దాని తాత్పర్యం వేరు. జీవితమంతా ఆ భాషతోనే కాలం గడిపినవారు కూడా తప్పులు రాయక తప్పని భాషలో పన్నెండేళ్ళ బాలుని పరీక్షించడం ధర్మమేనా అన్నది ఆ గ్రంథం వేసే ప్రశ్న. పూర్వ మహాకవులే వ్యాకరణం నిషేధించిన వాడుక రూపాలను వాడిన తీరును చూపడానికి బాలకవి శరణ్యం, గద్యచింతామణి అనే గ్రంథాలు రచించారు.

వాదంలో నెగ్గడం వేరు, పరీక్షా మందిరంలో నెగ్గడం వేరు. మద్రాసు విశ్వవిద్యాలయం ఏర్పాటు చేసిన సంఘంలో గ్రాంథికవాదులది మెజారిటీ అయింది. గురజాడ 1914లో తన అసమ్మతి పత్రం సమర్పించారు. దానిని రాసే నాటికే ఆయన ఆరోగ్యం క్షీణించింది. 1915 నాటికి పరీక్షల్లో గ్రాంథికానిదే పైచేయి అయింది. ఆ సంవత్సరం నవంబరు 30న గురజాడ కన్నుమూశారు. చిన్ననాటి సహాధ్యాయి, ఉద్యమ సహచరుడు వెళ్ళిపోయాడు. విద్యార్థికి దొరికిన వెసులుబాటు చేజారింది. రామమూర్తికి అప్పటికి యాభైరెండేళ్ళు. చెవులు వినపడవు. ఉద్యోగం లేదు. మరొకరైతే అక్కడితో విరమించేవారు.

ఆయన 1919లో తెలుగు అనే మాసపత్రికను స్థాపించారు. వాడుక భాషా సిద్ధాంతాన్ని శాస్త్రీయంగా వివరించడమే దాని పని. పత్రిక ఒక సంవత్సరం మాత్రమే నడిచింది. అదే సంవత్సరం ఫిబ్రవరిలో రాజమహేంద్రవరంలో వర్తమానాంధ్ర భాషా ప్రవర్తక సమాజం ఏర్పడింది. దానికి అధ్యక్షులు కందుకూరి వీరేశలింగం పంతులు. గ్రాంథిక గద్యంలో నీతిచంద్రికకు కొనసాగింపు రచించిన వీరేశలింగం, జీవిత చరమదశలో రామమూర్తి వాదాన్ని అంగీకరించి అధ్యక్షత వహించడం ఉద్యమానికి కొండంత బలమయింది. అయితే ఆ మే నెల 27న వీరేశలింగం పరమపదించారు.

తరువాతి కాలమంతా ఊరూరా సభలు. పుస్తకాల మూటలతో వెళ్ళడం, ఎదుటివారు చూపిన ప్రతి లక్షణానికీ కావ్యాలనుంచి, శాసనాలనుంచి లక్ష్యం తీసి చూపడం ఆయన పద్ధతి. వినికిడి లేనందువల్ల ప్రత్యర్థుల ప్రశ్నలను కాగితం మీద రాయించుకొని చదివి జవాబు చెప్పవలసి వచ్చేది. 1925లో తణుకులో జరిగిన ఆంధ్ర సాహిత్య పరిషత్తు సభలో, ఎదుటి పక్షపు వేదిక మీదనే, నాలుగు గంటలసేపు ప్రసంగించారు. దానికి ముందు సంవత్సరమే కాకినాడలో ఆ పరిషత్తు వ్యావహారిక భాష మీద విధించిన నిషేధాన్ని ఎత్తివేసింది. పద్యకవులుగా, శతావధానులుగా పేరొందిన చెళ్ళపిళ్ళ వేంకటశాస్త్రి వంటివారు కూడా క్రమంగా ఈ వాదానికి చేరువయ్యారు. నవ్యసాహిత్య పరిషత్తు ఏర్పడేసరికి యువ రచయితలందరికీ రామమూర్తి పంతులే గురుస్థానం. 1933లో శిష్యులు, మిత్రులు రాజమహేంద్రవరంలో ఆయన సప్తతిపూర్తి ఉత్సవం జరిపి, వ్యాససంగ్రహం సమర్పించారు.

సవర భాషా కృషి కూడా ఈ ఉద్యమంతోపాటే సాగింది. 1931లో ఆయన సవర భాషా వ్యాకరణ గ్రంథాన్ని మద్రాసు ప్రభుత్వం అచ్చు వేసింది. 1938లో నిఘంటువు వెలువడింది. ఈ పనిలో కుమారుడు గిడుగు వేంకట సీతాపతి కుడిభుజంగా నిలిచారు. రావు సాహెబ్ బిరుదు, 1934లో కైజర్-ఇ-హింద్ పతకం, 1938లో ఆంధ్ర విశ్వవిద్యాలయం కళాప్రపూర్ణ – ఈ గౌరవాలన్నీ వచ్చాయి. పిల్లల వాచకాల భాష మాత్రం ఇంకా మారలేదు.

1936 ఏప్రిల్ 1న ఒరిస్సా ప్రత్యేక రాష్ట్రంగా ఏర్పడినప్పుడు పర్లాకిమిడి అందులో చేరింది. ఆ చేరికను వ్యతిరేకించిన రామమూర్తి, యాభైఆరేళ్ళు జీవించిన ఆ పట్టణాన్ని ఆ రోజే విడిచి రాజమహేంద్రవరం చేరుకున్నారు. మళ్ళీ పర్లాకిమిడిలో స్థిరపడలేదు.

వాడుక భాష పత్రికల్లోకి, కథల్లోకి, నవలల్లోకి త్వరగా ప్రవేశించింది. పాఠ్యపుస్తకాల్లోకి, ప్రశ్నపత్రాల్లోకి రావడానికి ఆయన మరణానంతరం మరి రెండు మూడు దశాబ్దాలు పట్టింది. ఇప్పుడు తెలుగు విద్యార్థి ప్రశ్నపత్రంలో అవగాహన – ప్రతిస్పందన అనే శీర్షిక కింద అపరిచిత గద్యం ఇస్తున్నారు. మునుపు చూడని పేరాను చదివి, దాని మీది ప్రశ్నలకు సొంత మాటల్లో జవాబు రాయాలి. కంఠస్థం చేయడానికి వీలులేదు. జవాబులోని మాటలు వాడుకలోనివైనంత మాత్రాన మార్కులు పోవు. 2005నుంచి ప్రథమ్ సంస్థ గ్రామీణ ప్రాంతాల్లో నిర్వహిస్తున్న అసర్ సర్వేలో ఇంటింటికీ వెళ్ళి పిల్లల చేత రెండవ తరగతి స్థాయి పాఠం చదివిస్తారు. పై తరగతుల పిల్లల్లో కూడా పలువురు దానిని చదవలేకపోతున్నారని ఆ సర్వేలు పదే పదే తెలుపుతున్నాయి. నేటి వాచకంలో అరసున్నలు లేవు, బండి ఱలు లేవు. అయినా పల్నాడులోని బాలునికి, ఆదిలాబాదులోని బాలికకు ఇంటి మాటకూ పుస్తకపు మాటకూ మధ్య దూరం ఎంతో కొంత ఉండనే ఉంది. సవర, కోయ, లంబాడి ఇళ్ళ పిల్లలకు ఆ దూరం మరీ ఎక్కువ.

రామమూర్తి పంతులు 1940 జనవరి 22న మద్రాసులో తుదిశ్వాస విడిచారు. అంతకు కొద్ది రోజుల ముందు కూడా పత్రికా సంపాదకులతో సమావేశమై, వాడుక భాషలో రాయవలసిన అవసరాన్ని గూర్చి వారికి నచ్చజెప్పారు. అప్పటికి ఆయన వయస్సు డెబ్బైఆరు సంవత్సరాలు.